బ్రేకు దీపం చెప్పిన సంగతి

టర్బైన్ హాలులో పనిచేసినవారికి గవర్నరును గురించి వేరే చెప్పనవసరం లేదు. భారం పెరిగినా తరిగినా యంత్రం నిమిషానికి 3000 చుట్లు తిరుగుతూనే ఉండాలి. లేకుంటే మన 50 హెర్ట్జ్ నిలవదు. 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రానికి రెండు గుండ్లతో అమర్చిన ఉపాయానికి అది వారసురాలు. ఆ వంశంలోనే పుట్టిన మరొక సంతానం మోటారు కార్లలోని క్రూయిజ్ కంట్రోల్. నడిపేవారు ఒక వేగాన్ని నిర్ణయించి మీట నొక్కి పాదం తీసివేస్తే, ఎత్తు వచ్చినా పల్లం వచ్చినా కారు ఆ వేగాన్నే పట్టుకొని పోతుంది. దీనికి 1950లో అమెరికాలో పేటెంటు పొందిన రాల్ఫ్ టీటర్ ఐదవ యేట చూపు కోల్పోయిన ఇంజనీరు. ఆయన న్యాయవాది కారు నడుపుతూ తాను మాట్లాడేటప్పుడు వేగం తగ్గించి, వినేటప్పుడు పెంచేవాడట. ఆ కుదుపులు భరించలేకనే ఆయనకు ఈ ఆలోచన కలిగిందని చెబుతారు.

పదవీ విరమణానంతరం 2018 వేసవిలో నేనూ మా శ్రీమతీ డల్లాస్‌లో మా అబ్బాయి ఇంట కొన్ని మాసాలు గడిపాము. హ్యూస్టన్ సమీపాన పియర్‌ల్యాండ్‌లో ఉన్న మీనాక్షి ఆలయం చూడాలని ఆమె కోరిక. అక్కడికి 240 మైళ్ల పైచిలుకు దారి. మా అబ్బాయి కారు పన్నెండేళ్ల పాతది. దాని క్రూయిజ్ కంట్రోల్ ఒకనాడు పనిచేసేది, మరొకనాడు గతుకు తగలగానే వదిలివేసేది, చివరకు బొత్తిగా మానుకొన్నది. ఒక మరమ్మతుశాలవారు ఆ ఉపకరణం మొత్తం మార్చాలని వందల డాలర్ల లెక్క వేసి ఇచ్చారు. "అది లేకపోయినా బండి నడుస్తుంది కదా నాన్నగారూ, వదిలేద్దాం" అన్నాడు వాడు. ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో జీవితం గడిపిన నా చేతులు మాత్రం ఊరుకోలేదు.

స్క్రూడ్రైవరు పట్టుకొనే ముందు కూర్చొని ఆలోచించడం మన విభాగపు అలవాటు. మీట నొక్కగానే డాష్‌బోర్డు మీద క్రూయిజ్ గుర్తు వెలుగుతున్నది; కనుక ఫ్యూజు బాగున్నది. హారన్ మోగుతున్నది, స్టీరింగు చక్రంలోని చుట్టల తీగ తెగినట్లు లేదు. స్పీడోమీటరు ముల్లు సక్రమంగా కదులుతున్నది; వేగం కొలిచే సెన్సారును అనుమానించ పనిలేదు. వ్యవస్థకు ప్రాణమున్నది, చెవులున్నవి, అయినా ఆజ్ఞను స్వీకరించడం లేదు. పాడైపోయిన పరికరం ఒక తీరుగా ఉంటుంది, నిరాకరిస్తున్న పరికరం మరొక తీరుగా ఉంటుంది. ఇది రెండవ తీరు. క్రూయిజ్ కంట్రోల్ నిరాకరించడానికి మొదటి కారణం, బ్రేకు మీద పాదం ఉన్నదని అది భావించడం.

ఈ మాట వినగానే పొరుగింటి మిత్రుడు, చేతి పనిలో నేర్పరి, "ఇంకేం, బ్రేకు స్విచ్చి నుంచి క్రూయిజ్‌కు పోయే రెండు తీగలూ కలిపేస్తే సరి" అని అన్నాడు. కలిపితే క్రూయిజ్ పనిచేసేదే. కాని ఆ తరువాత బ్రేకు తొక్కినా ఆ కబురు దానికి అందదు. 70 మైళ్ల వేగంలో ఒకవైపు బ్రేకు ఆపుతుంటే, మరొకవైపు ఇంజను ముందుకు లాగుతుంటుంది. "ఆ స్విచ్చి తప్పుడు సంకేతం ఇస్తోంది సార్, ప్రస్తుతానికి జంపరు వేసేద్దాం" అన్న మాట మన కంట్రోలు రూములో, రాత్రి షిఫ్టులో, యూనిట్ ట్రిప్ అయి పైనుంచి ఫోన్లు మోగుతున్న వేళ వినని వారెవరు? ఇంటర్‌లాక్ మన పనికి అడ్డం వస్తున్నదని తోచిన ప్రతిసారీ, అది ఏమి చూసి అడ్డం వచ్చిందో కనుక్కోవడమే మన వృత్తి. తీగలు అలాగే ఉంచమన్నాను.

ఆ రాత్రి మా అబ్బాయి చేత కారును వెనుకకు నడిపించి గ్యారేజీలో పెట్టించి, ఇంజను ఆపించి, దీపాలన్నీ ఆర్పించాను. కారులో ఎవరూ లేరు. వెనుక గోడ ఎర్రగా ఉన్నది! "ఏమండీ, బ్రేకు దీపాలు వెలుగుతున్నాయే!" అన్నది మా శ్రీమతి.

టార్చిలైటుతో పెడల్ కిందికి తల దూర్చి చూశాను. పెడల్ కడ్డీకి ఒక రంధ్రం, ఆ రంధ్రానికి రూపాయి బిళ్ల కన్నా చిన్నదైన ప్లాస్టిక్ బిరడా ఉంటాయి. పాదం తీసినప్పుడు ఆ బిరడా స్విచ్చి మొనను లోపలికి నొక్కి ఉంచుతుంది. ఏళ్ల తరబడి ఎండకు, వేడికి అది పెళుసుబారి పొడి అయిపోయింది. మొన రంధ్రంలోకి దూరిపోయి, బ్రేకు ఎల్లవేళలా తొక్కినట్లే చెబుతున్నది. కింది చాప మీద నీలి రంగు పెళ్లలు నాలుగు దొరికాయి. కారు తుడిచిన ప్రతివారూ వాటిని చెత్త అనుకొని ఊడ్చి ఉంటారు.

ఆ వేసవిలో బ్యాటరీ రెండుసార్లు దిగిపోవడానికీ, కొత్త బ్యాటరీ కొనిపించడానికీ కారణం అదే. అంతకన్నా భయం కలిగించిన సంగతి మరొకటి. దీపం ఎప్పుడూ వెలుగుతుంటే, మనం నిజంగా బ్రేకు వేసినప్పుడు వెనుక వచ్చేవానికి తెలిసేదెట్లా? మనవరాలిని వెనుక సీటులో కూర్చోబెట్టుకొని మా అబ్బాయి రోజూ బడికి తీసుకొనిపోయేది ఆ కారులోనే. లేకపోయినా ఫరవాలేదనుకొన్న ఆ సదుపాయమే మొండికేసి ఈ సంగతి బయటపెట్టింది.

కొత్త బిరడా ఖరీదు ఒక పూట భోజనానికి కూడా సరిపోదు. దాన్ని బిగించడానికి పది నిమిషాలు పట్టింది; వంగిన నా నడుము సరి కావడానికి రెండు రోజులు పట్టింది. ఆ వారాంతంలోనే పియర్‌ల్యాండ్ వెళ్లి వచ్చాము. దారిలో మా అబ్బాయి పాదాలు రెండూ వెనక్కు తీసుకొని కూర్చుంటే మా శ్రీమతి మాత్రం ముందుసీటు పట్టుకొని వదలలేదు. ఇప్పుడు మన దేశంలోనూ అనేక కార్లకు ఈ సదుపాయం వస్తున్నది. హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల అవుటర్ రింగు రోడ్డు మీద ఏమో గాని, ఎదురుగా ట్రాక్టరు వచ్చే దారుల్లో నేను మాత్రం దానిని ముట్టను.

ఆ బిరడాలు రెండేసి చొప్పున పొట్లం కట్టి అమ్ముతారు. రెండవది మా అబ్బాయి కారు అరలో ఉన్నది.