చీరకట్టిన మొక్కు: సంతేకుడ్లూరు హోలీ పర్యటన

కర్నూలు జిల్లా పడమటి భాగంలో, ఆదోని మండలానికి చెందిన సంతేకుడ్లూరు గ్రామంలో, ఏటా ఫాల్గుణ పౌర్ణమికి వచ్చే హోలీ రోజుల్లో మగవారు చీరకట్టి, నగలు పెట్టి, పూలు ముడిచి, పూజాపళ్ళెం చేతబట్టుకొని రతీమన్మథుల గుడికి వెళ్ళి మొక్కు చెల్లించే ఆచారం తరతరాలుగా సాగుతోంది. ఐరోపాలో కార్నివాల్ అని పేరుపడిన ఉత్సవాలు కూడా దాదాపు ఈ ఋతువులోనే వస్తాయి. క్రైస్తవుల నలభై రోజుల తపస్సు కాలం విభూది బుధవారంతో మొదలవుతుంది కనుక, ఆ ఉపవాస దీక్షలకు ముందు విందులు, వేషాలు, ఊరేగింపులతో వీధులు నిండే రోజులనే స్థూలంగా కార్నివాల్ అంటారు. రెండు విద్యాసంస్థల నడుమ ఒప్పందం మీద ఒక సెమిస్టరో ఒక ఏడాదో పరాయి దేశంలో ఉండి చదివే ఎక్స్ఛేంజి విద్యార్థులకు, ఆ ఊరివాళ్ళతో కలిసి వేషం వేసుకొని ఈ ఉత్సవాల్లో తిరగడం తరగతి గదిలో దొరకని చదువు. జర్మనీలోని కొలోన్ వీధుల్లో ఆ చదువు చదివిన తెలుగు విద్యార్థి సొంత సీమకు తిరిగివచ్చి ఆదోనిలో రైలు దిగితే ఏమి చూడగలడు, అక్కడ నేర్చిన కొలతలు ఇక్కడ ఎంతవరకు సరిపోతాయి అన్నదే ఈ పర్యటనకు ప్రేరణ.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాన్ని అర్థం చేసుకోవడానికి పటం కంటే చరిత్ర ఎక్కువ సాయపడుతుంది. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న దత్తమండలాల్లో భాగమైన ఈ భూమి, ఆ తరువాత బళ్ళారి జిల్లాలో చాలాకాలం ఉండి, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలుగా ఇటువైపు చేరింది. బళ్ళారి జిల్లాలో మిగిలినది మైసూరు రాష్ట్రానికి వెళ్ళింది. గీత మారినా రాకపోకలు మారలేదు. ఇక్కడి బజారులో తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే బేరంలో కలిసి వినిపిస్తాయి, పండుగ పూట ఇళ్ళలో బొబ్బట్టును ఓళిగె అంటారు, హోలీకి కర్ణాటక నుంచి మొక్కుబడిదారులు రావడం ఎవరికీ వింతగా తోచదు. ఆదోని పత్తి మార్కెట్టుకు, జిన్నింగు మిల్లులకు పేరు పొందిన పట్టణం కాగా, ఎమ్మిగనూరు నేతపనికి పేరు పొందింది. మాచాని సోమప్ప 1938లో అక్కడ స్థాపించిన చేనేత సహకార సంఘం దేశంలో తొలితరం సంఘాల్లో ఒకటిగా గుర్తింపు పొందింది, ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. ఆ పట్టణంలో జనవరి నెలలో జరిగే నీలకంఠేశ్వరస్వామి జాతర, రథోత్సవం చుట్టుపక్కల గ్రామాలన్నిటికీ కలయిక. సంతేకుడ్లూరు హోలీ దాని తరువాతి ఋతువుకు చెందినది. నల్లరేగడి చేలలో శనగ, జొన్న చేతికి వచ్చి, మళ్ళీ వానలు పడేదాకా రైతుకు కాస్త తీరిక చిక్కే కాలం అది. ఐరోపా కార్నివాల్ ముందున్న ఉపవాసాన్ని ఎదురుచూసే పండుగ అయితే, ఇది వెనుక గడిచిన పంటను, రాబోయే పంటను తలచుకొనే పండుగ.

హోలీకి తెలుగునాట కాముని పున్నమి అని మరో పేరుంది, దాని వెనుక ఉన్న కథ అందరికీ తెలిసినదే. తారకాసురుణ్ణి చంపడానికి శివుని కుమారుడు కావలసివచ్చి, దేవతలు తపస్సులో ఉన్న శివుని మీదికి మన్మథుణ్ణి పంపడం, శివుడు మూడో కన్ను తెరిచి అతణ్ణి బూడిద చేయడం, భార్య రతీదేవి విలపించి వేడుకోగా శరీరం లేకుండానే అతడు మళ్ళీ బతకడం అందులోని ప్రధాన ఘట్టాలు. సంస్కృతంలో కాళిదాసు, తెలుగులో నన్నెచోడుడు కుమారసంభవ కావ్యాల్లో ఈ రతీవిలాపాన్ని వర్ణించారు. చాలా ఊళ్ళలో ఈ పున్నమికి జరిగేది కామదహనం, అంటే కట్టెలు పేర్చి కాముణ్ణి కాల్చడం. కథలో మొదటి సగం మాత్రమే అక్కడ మంటగా కనిపిస్తుంది. సంతేకుడ్లూరులో పూజ అందుకొనేది దంపతులు. మన్మథుడు దహనమైన ఘట్టం కంటే అతణ్ణి తిరిగి పొందిన రతి ఇక్కడ ముఖ్యమని, అందుకే గుడిలో ఆ ఇద్దరూ జంటగా నిలిచారని అనుకోవడానికి ఆస్కారం ఉంది.

పొద్దున్నే ఊళ్ళోకి వచ్చిన సందర్శకుడు మొదట గుడికి వెళ్ళకపోవడమే మంచిది, ఎందుకంటే ఈ పండుగ ముప్పాతిక వంతు ఇళ్ళలోనే జరిగిపోతుంది. మొక్కు ఉన్న మగవాడిని ఆ పూట అలంకరించేది భార్య, తల్లి, వదిన, అక్కచెల్లెళ్ళు. పెట్టె అడుగున మడత పెట్టి ఉంచిన పెళ్ళినాటి పట్టుచీర ఆ రోజు బయటికి వస్తుంది. పంచె కట్టడం అలవాటైన నడుముకు చీర నిలవదు కనుక బొడ్డు దగ్గర గట్టిగా దోపి, కుచ్చిళ్ళు ఒక్కొక్కటే వేళ్ళ మధ్య మడిచి, పైట భుజం మీద పిన్నీసుతో నిలపడానికి ఇద్దరు ఆడవాళ్ళు పట్టాలి. కత్తిరించిన జుట్టుకు సవరం కట్టి, అంటే విడిగా అల్లిన జడను పిన్నులతో బిగించి, దాని పొడవునా పూలు తురుముతారు. నాగలి పట్టిన చేతికి గాజులు ఎక్కించడం అన్నిటికంటే కష్టమైన పని. మణికట్టు దగ్గర బిగిసిపోతే సబ్బు రాసి, బొటనవేలిని లోపలికి మడిచి, మెల్లగా తోస్తారు. వంకీ, వడ్డాణం, మెడలో హారాలు ఉన్నంతలో సొంతవి, లేనివి చుట్టాల దగ్గర అడిగి తెచ్చినవి. కాటుక, బొట్టు చివర. ఇంతసేపూ ఆ మనిషి కదలకుండా కూర్చొని ఉంటాడు. ఏడాది పొడుగునా ఇంట్లో మాట చెల్లించుకొనే వ్యక్తి, ఆ గంటసేపు ఎటు తిరగమంటే అటు తిరుగుతూ, చేయి చాపమంటే చాపుతూ ఆడవాళ్ళ చేతికి తనను తాను అప్పగించుకోవడం ఈ ఆచారంలో బయటికి ఎక్కువగా చెప్పబడని భాగం. వీధిలో కనిపించే వేషం కంటే ఈ అప్పగింత గొప్పది.

అలంకారం ముగిశాక పూలు, పండ్లు, టెంకాయ, పిండివంటలు సర్దిన పళ్ళెంతో ఆ మగవాడు ముందు, కుటుంబం వెంట, మేళంతో గుడికి కదులుతారు. కోరుకొనేవి పెద్ద వింత కోరికలు కావు: ఇంట్లో జబ్బు నయం కావడం, ఆగిపోయిన పెళ్ళి కుదరడం, సంతానం, ఉద్యోగం, పంట. కోరిక నెరవేరితే వేషం వేస్తానని మొక్కుకొన్నవారు కొందరు, నెరవేరాలని ముందే వేసేవారు కొందరు. రైతుకూలీల పక్కనే చదువుకొన్న ఉద్యోగస్తులు, వలస వెళ్ళిన పట్టణాల నుంచి ఈ రోజు కోసమే వచ్చినవారు అదే వరుసలో నిలబడతారు. గుడి దగ్గర వారు చేసేది నాట్యమో నటనో కాదు. ఏ స్త్రీ అయినా చేసే పూజనే వారు చేస్తారు. టెంకాయ కొడతారు, హారతి కళ్ళకద్దుకొంటారు, పైట సర్దుకొని దణ్ణం పెట్టి పక్కకు తప్పుకొంటారు.

కార్నివాల్ కళ్ళద్దాలతో చూసినవారికి ఇక్కడ ఒక పోలిక వెంటనే తడుతుంది. కొలోన్ కార్నివాల్‌కు ఏటా ముగ్గురు అధిపతులు ఉంటారు: రాకుమారుడు, రైతు, కన్య. ఆ కన్య పాత్రను సంప్రదాయం ప్రకారం పురుషుడే ధరిస్తాడు, నాజీ పాలకుల ఒత్తిడి వల్ల 1938, 1939 సంవత్సరాల్లో మాత్రం స్త్రీలు ధరించారు. విభూది బుధవారానికి ముందు గురువారం అక్కడ ఆడవాళ్ళదే రాజ్యం, కత్తెర పట్టుకొని మగవాళ్ళ మెడలోని టైలు కత్తిరించడం ఆ రోజు చెల్లుతుంది. రష్యన్ పండితుడు మిఖాయిల్ బఖ్తిన్, ఫ్రెంచి రచయిత రాబెలే మీద రాసి 1965లో వెలువరించిన గ్రంథంలో, ఇటువంటి ఉత్సవాల సారం తలకిందులు కావడమే అన్నాడు: కింద ఉన్నది పైకి, పైన ఉన్నది కిందికి వస్తుంది, అధికారం నవ్వులపాలవుతుంది, చూసేవాడు ఆడేవాడు అనే తేడా చెరిగిపోతుంది. ఈ చివరి మాట సంతేకుడ్లూరుకు నూటికి నూరుపాళ్ళు వర్తిస్తుంది, ఎందుకంటే వేషం వేసినవారు, వేయించినవారు, వెంట నడిచినవారు అందరూ ఆ మొక్కులో భాగస్థులే. నవ్వు విషయంలో మాత్రం ఆ సిద్ధాంతం ఇక్కడ ఆగిపోతుంది. పండుగ కనుక సరదా మాటలు, పిల్లల కేకలు ఉంటాయి గాని, కొలోన్ కన్య నవ్వించడానికి పుట్టిన పాత్ర, సంతేకుడ్లూరు చీర అడగడానికి కట్టిన చీర. స్త్రీని వెక్కిరించడం గాని, స్త్రీగా మారి పురుషుణ్ణి వెక్కిరించడం గాని ఇందులో లేదు. పోగొట్టుకొన్నదాన్ని దేవుడి దగ్గర అడిగి తిరిగి సంపాదించుకొన్న రతి నిలబడిన చోట నిలబడి అడిగితే కోరిక ఫలిస్తుందన్న నమ్మకమే ఈ వేషానికి మూలమై ఉంటుందని ఊహించవచ్చు. గ్రామస్థులు దీనికి ఇంత వివరణ ఇవ్వరు, పెద్దల నాటి ఆచారం అనే అంటారు, ఆ సమాధానానికి ఇవ్వవలసిన గౌరవం ఇచ్చిన తరువాతే ఈ ఊహను చెప్పడం సబబు.

స్త్రీవేషంతో మొక్కు తీర్చుకోవడం తెలుగునాట ఈ ఒక్క ఊరిదే కాదు. తిరుపతి గంగమ్మ జాతరలో మగవారు వేసే వేషాల్లో స్త్రీవేషం ముఖ్యమైనది. ఆ జాతరను ఏళ్ళ తరబడి పరిశీలించిన అమెరికన్ పండితురాలు జాయిస్ ఫ్లూకిగర్, 2013లో వచ్చిన తన పుస్తకంలో, దేవత ఉగ్రశక్తిని భరించి ఆమెకు దగ్గర కావడానికి పురుషుడు స్త్రీ కావలసివస్తుందని వివరించింది. సంతేకుడ్లూరు దేవతలు ఉగ్రమూర్తులు కారు, ప్రేమకు అధిదేవతలు. కాబట్టి ఒకే వేషం రెండు చోట్ల రెండు పనులు చేస్తోందనుకోవాలి. పరాయి ఊరి పండుగలో అతిథి ఎలా మసలుకోవాలన్నదానికి మెకిమ్ మేరియట్ రాసిన వ్యాసం మంచి ఉదాహరణ. ఈ అమెరికన్ మానవశాస్త్రవేత్త ఉత్తరప్రదేశ్ గ్రామంలో తాను ఆడిన హోలీని, ఆడవాళ్ళు కర్రలతో మగవాళ్ళను తరిమిన తీరును, తన మెడలో చెప్పుల దండ వేసి వీధుల్లో ఆడించిన వైనాన్ని 1966లో ప్రచురించిన వ్యాసంలో వివరించాడు. ఆ గ్రామం హోలీ బఖ్తిన్ చెప్పిన తలకిందుల లోకానికి దగ్గరగా ఉంటుంది. ఆ వ్యాసం చదివి సంతేకుడ్లూరుకు వచ్చేవారు, హోలీ అంటే అంతటా అదే అల్లరి అనుకొంటే ఇక్కడ కళ్ళముందున్నదాన్ని చూడలేరు.

పత్రికల్లో, టీవీ వార్తల్లో ఈ పండుగ ఏటా వింత ఆచారం అనే శీర్షిక కింద కనిపించడం బాధ కలిగించే విషయం. చీరలో ఉన్న మగవాడి ముఖాన్ని దగ్గరగా చూపి, ఆ ముఖం వెనుక ఉన్న జబ్బుపడిన బిడ్డను గాని, ఎండిన చేనును గాని చెప్పకుండా వదిలిన వార్త, మొక్కును వినోదంగా మార్చివేస్తుంది. ఫొటో తీసేముందు అడగడం, ఇంట్లోకి పిలిస్తే అలంకారం జరిగేచోట ఆడవాళ్ళ అనుమతితో ఒక పక్కగా కూర్చోవడం, వేషంలో ఉన్నవారితో మామూలు రోజుల్లో ఆ వయసువారితో మాట్లాడినట్లే మాట్లాడటం సందర్శకుడు పాటించవలసిన కనీస మర్యాదలు. ఫొటో వద్దన్నవాడిని దూరం నుంచి సెల్‌ఫోనుతో తీయడం దొంగతనమే.

ఈ ప్రాంతంలోని ఉత్సవాలన్నిటినీ ఒకే గాటన కట్టకూడదని చెప్పడానికి హొళగుంద మండలంలోని దేవరగట్టు ఒక్కటి చాలు. విజయదశమి రాత్రి అక్కడ మాళమల్లేశ్వరస్వామి కల్యాణం ముగిశాక, ఊరేగింపు మూర్తుల కోసం గ్రామాల జట్లు కర్రలు, దివిటీలతో తలపడే బన్ని ఉత్సవంలో ఏటా ఎందరో గాయపడుతున్నారు, ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. భక్తి ఎంత నిజమైనదైనా ఆ రాత్రిని కార్నివాల్ పేరుతో పర్యాటకులకు చూపడం సమర్థనీయం కాదు.

హోలీ పున్నమి నుంచి పక్షం రోజులకు పైగా ఈ ప్రాంతంలో ఉండగల విద్యార్థికి మరో పోలిక దొరుకుతుంది. ఆస్పరి మండలం కైరుప్పలలో ఉగాది మరునాడు పిడకల సమరం జరుగుతుంది. వీరభద్రస్వామికీ భద్రకాళీదేవికీ నడిచిన ప్రేమకలహాన్ని తలచుకొంటూ ఊరు రెండు వర్గాలుగా విడిపోయి, పోగులుగా పేర్చిన పేడపిడకలను ఒకరి మీద ఒకరు విసురుకొంటుంది. ఉత్తర ఇటలీలోని ఇవ్రేయా పట్టణంలో కార్నివాల్ చివరి మూడు రోజులూ ఇదే తీరున నారింజపండ్ల యుద్ధం సాగుతుంది. దుర్మార్గుడైన ప్రభువును ఎదిరించిన పిండిమర యజమాని కూతురి కథ దానికి మూలం. ఇవ్రేయాలో ఎర్రటోపీ పెట్టుకొన్న ప్రేక్షకుడిని కొట్టకూడదన్న కట్టుబాటు ఉంది. కైరుప్పలలో అటువంటి గుర్తు లేదు కాబట్టి, చూడవచ్చినవారు మిద్దెలు ఎక్కి చూస్తారు. పిడకల దుమ్ము వీధిని కమ్మేస్తుంది, దెబ్బలు తగిలినవారు గుడిలోని విభూతి రాసుకొంటారు, ఆ తరువాత స్వామికీ అమ్మవారికీ కల్యాణం జరిపిస్తారు.