పద్మినికి మూడు కొత్త కళ్లు

పద్మిని అనగానే మీకు నాట్యతారే గుర్తొస్తే తప్పు మీది కాదు. కానీ ఈ పద్మిని నాలుగు చక్రాలది! 1964లో బొంబాయి ప్రీమియర్ కంపెనీ నుంచి ఫియట్ 1100 డిలైట్‌గా వచ్చి, 1974లో చిత్తోడ్ రాణిగారి పేరు పెట్టుకుంది. 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కనే గేరు. 2023 అక్టోబరులో బొంబాయి టాక్సీల్లోంచి కూడా సెలవు తీసుకుంది. తెరమీద మాత్రం పాతకాలం కథ అంటే చాలు, ఈవిడకి కాల్‌షీటు ఖాయం.

సబ్బవరంలో మా చిన్నాన్నగారికి 1982 నాటి పద్మిని ఉంది. దాంతో సింహాచలం కొండెక్కాలని ఆయన పట్టు. చిక్కల్లా డ్యాష్‌బోర్డుతోనే. ఆయిల్‌కీ, ఛార్జింగ్‌కీ ఉన్నవి రెండు ఎర్రదీపాలు. ఆయిల్ ఒత్తిడి బాగా పడిపోయాక గాని ఆ దీపం వెలగదు. అంటే విలన్ ఇంట్లోకొచ్చేశాక మొరిగే కుక్క అన్నమాట!

అందుకని ఆయిల్ ఒత్తిడి, నీటివేడి, వోల్టులు చూపే మూడు మీటర్ల పానెల్ కొన్నాం. ఒక్కోటీ 52 మిల్లీమీటర్లు. మరి ఎక్కడ బిగించాలి?

"ఒరేయ్, రేపు షూటింగువాళ్లు అడిగితే క్లోజప్‌లో అసలు ముఖమే కనపడాలి" అన్నారు చిన్నాన్న.

మెకానిక్‌దీ అదే మాట. "బెజ్జం ఎట్టీడం అయిదు నిమసాలు బాబూ. పూడ్సడమే మన వల్ల కాదు."

డ్యాష్‌బోర్డుకి చిల్లు పెట్టకుండా, కింది అంచుకి క్లాంపులతో పానెల్ వేలాడదీశాం. ముందుగా బ్యాటరీ తీగ ఊడదీశాం. ఆయిల్ స్విచ్ ఉన్నచోట 'టీ' పెట్టి, పాతదీపం, కొత్తమీటరు రెండూ పనిచేసేలా చూశాం. సెండర్ మరకి టెఫ్లాన్ టేపు మందంగా చుడితే ఎర్తు అందక ముల్లు అబద్ధమాడుతుంది సుమండీ! వోల్టుమీటరుకి తాళం తిప్పాకే కరెంటు అందేలా, మధ్యలో ఫ్యూజుతో తీగ లాగాం. తీగలు ఇంజనుగోడ దాటేచోట రబ్బరు బుష్ తప్పనిసరి. లేకపోతే రేకు ఒరిసి షార్టవుతుంది.

ఆదివారం పెందుర్తి మీదుగా బయల్దేరాం. వోల్టులు 14 దగ్గర నిలకడగా ఉన్నాయి. కొండ సగం ఎక్కేసరికి ఆ ముల్లు 12కి జారింది. అదే సమయంలో నీటివేడి ముల్లు పైకి లేచింది. ఎర్రదీపం మాత్రం నిద్రలోనే ఉంది. ఒక ముల్లు కదిలితే సందేహం, రెండూ కలిసి కదిలితే సాక్ష్యం. ఎందుకంటే డైనమోనీ, నీటిపంపునీ తిప్పేది ఒకటే బెల్టు!

నీడన ఆపి, ఇంజను చల్లారాక చూస్తే బెల్టు వదులైపోయి ఉంది. రెండు బోల్టులు సడలించి, డైనమోని వెనక్కి లాగి, మళ్లీ బిగించాం. పావుగంటలో బండి కదిలింది. అలాగే పోనిచ్చి ఉంటే హెడ్ గాస్కెట్ కాలిపోయేది. దాని ఖర్చుముందు మూడు మీటర్ల ధర ఏపాటి?

సినిమాలో బానెట్‌లోంచి పొగ వస్తే హీరోకి హీరోయిన్ ఎదురవుతుంది. ఘాట్‌రోడ్డులో ఎదురయ్యేది రిపేరు బిల్లే! మీ ఇంట్లోనూ తాతగారి కాలంనాటి బండి ఉంటే దాని ముఖం మార్చకండి. పక్కన కళ్లు మాత్రం పెట్టండి. పెట్టాక, దారితోబాటు వాటినీ ఓ చూపు చూస్తుండండి.