254 దగ్గర ఆగిన గీత

2020 మార్చి 22, జనతా కర్ఫ్యూ. ఆ సాయంత్రమే తెలంగాణలో లాక్‌డౌన్ ప్రకటించారు. అప్పటిదాకా మాదాపూర్‌లోని మా ఆఫీసులో, ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి రావడానికి వీపీఎన్ వాడేది మేనేజర్లు, రాత్రి షిఫ్టువాళ్లు. తెల్లారేసరికి ఆఫీసంతా దాని మీదే నడవాల్సి వచ్చింది. నేను నెట్‌వర్క్ టీం.

పొద్దున తొమ్మిదికల్లా ఫోన్లు. “అన్నా, పాస్‌వర్డ్ తీస్కుంటుంది, ఓటీపీ తీస్కుంటుంది, తర్వాత కట్ అయితుంది.” అందరిదీ ఇదే మాట. వీపీఎన్ నడిపే ఫైర్‌వాల్ లైసెన్సు 500 మందికి ఉంది. పైవాళ్లు మాత్రం “లైసెన్సులు కొనండి” అనే పట్టు పట్టారు. బిల్లు మీద కనిపించే అంకె అదొక్కటే కదా!

మానిటరింగ్ తెరమీద వీపీఎన్ కనెక్షన్ల సంఖ్య చూపే గీత పైకెక్కి, 254 దగ్గర బల్లపరుపుగా సాగుతోంది. ఇంటర్నెట్ లైను చాలకపోతే గీత ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఇంత తిన్నగా ఉందంటే ఎక్కడో ఏదో నిండిపోయిందన్నమాట. వీపీఎన్‌లోకి వచ్చేవాళ్లకిచ్చే ఐపీ అడ్రసులకు ఎప్పుడో స్లాష్ 24 కేటాయించి వదిలేశారు. 256లో రెండు పోతే 254. దాన్ని స్లాష్ 22 చేశాం, 1022 అయ్యాయి. గీత లేచింది. కానీ కొత్త అడ్రసు వచ్చినవాళ్లకు కనెక్ట్ అవుతోంది, ఏదీ తెరుచుకోవడం లేదు. లోపలి కోర్ స్విచ్‌కు పాత అడ్రసులకే దారి తెలుసు, కొత్తవాళ్లకు జవాబు తిరిగొచ్చే రూటు లేదు. అది వేసేసరికి అర్ధరాత్రి దాటింది.

ఆ తర్వాత గీత 500 తాకింది. హెచ్ఆర్ లెక్కలో లాగిన్ అయినవాళ్లు నాలుగొందలు కూడా లేరు! గీత లెక్కపెడుతున్నది సెషన్లని, మనుషుల్ని కాదు. ఇంట్లో కరెంటు పోయి వైఫై తెగితే మనిషి మళ్లీ లాగిన్ అవుతాడు; పాత సెషన్ మాత్రం అరగంట దాకా చావకుండా ఒక చోటు పట్టుకుని కూర్చుంటుంది. పరికరాల నుంచి అంకెలు తెచ్చే ఎస్ఎన్ఎంపీ ద్వారా మాకొచ్చేది మొత్తం అంకె ఒక్కటే, పేర్లు రావు. అందుకే ఇది తొందరగా దొరకలేదు.

దొరికేదాకా సెషన్లను చేతులతోనే తెంపాం. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే. మార్చి నెలాఖరు, ఖాతాలు ముగించాలి, అకౌంట్స్ వాళ్లను ముట్టుకోవద్దన్నారు. మిగిలినవాళ్లలో ఎవర్ని బయటికి పంపాలో జాబితా చూస్తూ నేనే ఎంచాలి. కాసేపట్నుంచి డేటా కదలని పేరు చూసి తెంపేవాణ్ని. అవతల ఆ మనిషి ఫోన్లో కస్టమర్‌తో మాట్లాడుతున్నాడో, అన్నం తింటున్నాడో నాకేం తెలుసు? సపోర్టులో కాంట్రాక్టు మీద చేసే ఒకమ్మాయి నల్లగొండ దగ్గర ఊరి నుంచి ఫోన్ చేసింది: “అన్నా, లాగిన్ లేకుంటే నాకు ఆ రోజు జీతం రాదన్నా.” ఆమె పేరు మీద అప్పుడు చచ్చిన సెషన్లే మూడున్నాయి. అవి తీసేసి లోపలికి పంపాను. అప్పటికి మధ్యాహ్నం దాటింది.

చివరకు అవతలి కంప్యూటర్ జవాబివ్వకపోతే నిమిషాల్లో సెషన్ పోయేలా అమర్చాం. ఫైర్‌వాల్‌లోంచి ఐదు నిమిషాలకోసారి పేర్లు లాగి, మనుషుల గీత ఒకటి, సెషన్ల గీత ఒకటి విడిగా వేశాం. అడిగిన లైసెన్సులు కొననే అక్కర్లేకపోయింది. ఎవరెవరు ఎప్పుడు లాగిన్‌కు ప్రయత్నించి విఫలమయ్యారో లాగ్ తీసి హెచ్ఆర్‌కు పంపాను. ఉద్యోగులకు ఆ గంటలు కలిపారు. కాంట్రాక్టు వాళ్ల సంగతి ఏజెన్సీ చూసుకుంటుందని జవాబు రాశారు.