బరువులు మోసినవారి బీరు

లండన్ బ్రిడ్జి స్టేషనుకు పోయే రైళ్ళు బెర్మండ్సీ పేటలో ఇటుక కమానులపై నడుస్తాయి. ఆ కమానుల కింది గదులలో ఇప్పుడు చిన్న చిన్న బీరు కార్ఖానాలు వెలిశాయి. వాటిలో 2009లో ఆరంభమైన 'కెర్నెల్' వారి సీసాపై 'ఎక్స్‌పోర్ట్ ఇండియా పోర్టర్' అనే పేరు కనబడుతుంది. ఆ పేరు కల్పన కాదు. ఈస్టిండియా కంపెనీ తన తెల్ల సిపాయిల కోసం పోర్టరు పీపాలను ఓడలకెత్తి మన దేశానికి పంపేది. దొరలు తాగిన లేతరంగు బీరుకు కీర్తి దక్కింది. సిపాయి తాగిన నల్లబీరును లోకం మరచిపోయింది.

పోర్టరనగానే మనకు రైల్వే ప్లాటుఫారంమీద ఎర్రచొక్కా మనిషి గుర్తుకు వస్తాడు. అది పొరపాటేమీ కాదు. 18వ శతాబ్దంలో లండన్ రేవులలో, బజారులలో మూటలు మోసేవారు మక్కువతో తాగినందువల్లనే ఈ బీరుకు ఆ పేరు వచ్చింది. డికెన్స్ నవలలలో తరచు తగిలే ఈ మాటను తెలుగులో 'సారా' అనడం అన్యాయం. సారాను ఆవిరిపట్టి దింపుతారు. ఇది పులిసి తయారవుతుంది. ఆ లెక్కన దీనికి కల్లే దగ్గరి చుట్టం.

పోర్టరును మంచులో పెడితే సగం రుచి చచ్చిపోతుంది. నేలమాళిగ చల్లదనం, అంటే 12, 13 డిగ్రీలు చాలు. గ్లాసును దీపానికెదురుగా పట్టుకుంటే నలుపు అంచున దానిమ్మగింజ ఎరుపు తళుక్కుమంటుంది. ముక్కుకు ముందుగా అందేది అప్పుడే వేయించి దించిన కాఫీగింజల వాసన. దాని వెనుకనే ముదురుపాకపు బెల్లం. తొలిగుక్కలో కొంచెం తీపి, ఆపైన చేదు. అసలు పరీక్ష ఇక్కడే. చేదు నాలుకను పట్టుకుని వదలకపోతే, అడుగంటిన సంగటిలాగా, గింజ మాడిందన్నమాట. మింగిన తరువాత నోరు శుభ్రపడి మరొక గుక్క కోరితే అది మంచి పోర్టరు. వెనిల్లా, కొబ్బరి, చాక్లెట్టు కలిపి అమ్మేవారూ ఉన్నారు. వాటిని మిఠాయిల పద్దులో రాసుకోవడం మేలు.

అయితే ఆనాటి కూలీ చవిచూసినది ఇదేనా? కాదు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని మాల్టు అంటారు. తొలినాళ్ళలో దానిని కట్టెలమంటపై గోధుమరంగు వచ్చేదాకా ఆరబెట్టేవారు. అందువల్ల పొగవాసన ఉండేది. కొయ్యతొట్లలో నెలల తరబడి ఊరి పులుపెక్కేది. ఆ మాల్టులో చక్కెర తక్కువగా దిగుతుందని హైడ్రామీటరు బయటపెట్టాక, వ్యాపారులు లేతరంగు మాల్టుకు మళ్ళి, నలుపుకోసం వేరే రంగులు కలపసాగారు. 1816లో చట్టం దానిని నిషేధించింది. మరుసటి ఏడే డేనియల్ వీలర్, కాఫీగింజలవలె మాల్టును డ్రమ్ములో నల్లగా వేయించే పద్ధతికి పేటెంటు పొందాడు. నేడు సంప్రదాయమని మెచ్చుకునే ఆ కాఫీరుచి ఒక చట్టం తెచ్చిన అగత్యంలోంచి పుట్టినది.

ఊరబెట్టే ఆ తొట్ల పరిమాణంలో కార్ఖానాదారులు పోటీపడేవారు. థేమ్సు నదికి ఆవల, టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డు మొగలో ఉన్న హార్స్ షూ కార్ఖానాలో ఒక తొట్టి ఎత్తు 22 అడుగులు. 1814 అక్టోబరు 17 సాయంత్రం దాని ఇనుపకట్టు ఒకటి ఊడింది. గంట గడిచేసరికి తొట్టి పగిలింది. గోడ కూల్చుకుని వెల్లువ వెనుకనున్న పేదల ఇళ్ళమీద పడింది. చనిపోయినవారు 8 మంది; అందరూ స్త్రీలు, పిల్లలే. వారిలో ఐదుగురు ఒక నేలమాళిగలో, అంతకు ముందురోజు కన్నుమూసిన రెండేళ్ళ బిడ్డ శవం దగ్గర కూర్చున్నవారు.

ఎవరి తప్పూ లేని ప్రమాదమని జ్యూరీ తేల్చింది. కారిపోయిన బీరుపై కట్టిన సుంకాన్ని ప్రభుత్వం కంపెనీకి వాపసు ఇచ్చింది. కార్ఖానా 1921 వరకూ అక్కడే నడిచింది. ఆ స్థలంలో 1929లో వెలసిన డొమినియన్ థియేటరు ముందు ఇప్పుడు సాయంత్రం కాగానే టిక్కెట్లకోసం జనం బారులు తీరుతారు.