జహనుమా నుంచి ఫలక్‌నుమాదాకా

మా పేటపేరు జహనుమా. ప్రపంచాన్ని చూపేది అని ఆ ఫార్సీ పేరుకు అర్థం. ఒకప్పటి పైగా వంశపు ప్రభువుల మహలుపేరు పేటకు మిగిలింది. మాకు దక్షిణంగా గుట్టమీద ఉన్నది ఫలక్‌నుమా. అంటే ఆకాశాన్ని చూపేది. ఈ రెండు నుమాల మధ్య కాపురముంటూ, మా నాన్నగారు రెండు నెలలుగా చూస్తున్నది మాత్రం పడకగది గోడ.

ఆయనకు గుండెజబ్బు వచ్చి తగ్గింది. మనిషిలో భయం తగ్గలేదు. "రోజూ నడవాలి. మాట్లాడుతూ నడవగలిగినంత వేగం చాలు. ఆయాసమొస్తే ఆగండి" అన్నాడు డాక్టరు. మొదట వాకిట్లో పది నిమిషాలు, తరువాత మా గల్లీ చివరిదాకా నడిచారు. ఒకనాడు ఆయనే, "ఏరా, ఫలక్‌నుమా గుట్టదాకా పోగలనంటావా?" అన్నారు. ఆ ప్రశ్నకు మా అమ్మ కళ్ళు తుడుచుకొంది.

నేను కాగితం, పెన్సిలు తీసికొని కూర్చున్నాను. నగరానికి పడమట ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, పైన సౌరఫలకాల కప్పువేసి, 23 కిలోమీటర్ల సైకిలు బాట కట్టారు. 2023లో తెరిచారు. అక్కడ సైకిలువారి దారి సైకిలువారిదే. మా దారుల సంగతి వేరు. మా గల్లీలో మనిషి, సైకిలు, తోపుడుబండి, ఆటో, మేకపిల్ల అందరికీ ఒకటే బాట. ఎవరు ఎవరికి తప్పుకోవాలన్నది ఎక్కడా రాసి ఉండదు, చూపులతోనే తేలుతుంది.

వెళ్ళిన దారినే తిరిగి రావడం నాన్నగారికి విసుగు. కనుక చుట్టుదారి వేశాను. ముందు వట్టెపల్లి వైపు గల్లీలగుండా గుట్ట దగ్గరకు, అక్కడినుంచి పెద్దరోడ్డున ఇంజన్‌బౌలి, శంషీర్‌గంజ్ మీదుగా ఇంటికి. చుట్టుదారిలో ఒక చిక్కుంది. సగం దాటాక అలసిపోతే వెనక్కు తిరిగినా లాభంలేదు, ముందుకు పోయినా అంతే దూరం. అందుకని కూర్చోవడానికి వీలైన చోట్లకూ, ఆటో దొరికే మలుపులకూ గుర్తులు పెట్టాను. నా ప్రణాళిక చూసి నేనే మురిసిపోయాను.

మాఘమాసపు ఉదయం ఏడు దాటాక బయలుదేరాము. గల్లీలు ప్రశాంతంగా ఉన్నాయి. గుట్ట కనబడేసరికి నాన్నగారి ముఖం విప్పారింది. పైగా ప్రభువు వికారుల్ ఉమ్రా 1884లో ఆ మహలు కట్టడం మొదలుపెట్టాడనీ, తరువాత అది ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వచ్చిందనీ, పైనుంచి చూస్తే తేలు ఆకారంలో ఉంటుందనీ చెప్పుకొచ్చారు. 2010నుంచి అది తాజ్ వారి హోటలు. మాబోటివాళ్ళకు కిందనుంచి చూడడమే. "చూడ్డానికి టిక్కెట్టు లేదుగా!" అన్నారు నవ్వుతూ.

తిరుగుదారిలో ఇంజన్‌బౌలి దగ్గర నా ప్రణాళిక బోర్లాపడింది. ఎనిమిదిన్నరైంది. బడిపిల్లల ఆటోలు, బస్సులు, స్కూటర్లు! రోడ్డు దాటబోయి నాన్నగారు మధ్యలో నిలిచిపోయారు. నా చెయ్యి పట్టుకొన్న ఆయన చెయ్యి వణికింది. ఎలాగో దాటించి ఒక టీకొట్టు బల్లమీద కూర్చోబెట్టాను. "బైఠియే చాచా" అని కొట్టాయన మంచినీళ్ళిచ్చాడు. నాన్నగారు నీళ్ళు తాగి, "ఇంక చాల్లేరా" అన్నారు. ఆ రోజుకు చాలన్నారో, మొత్తానికే చాలన్నారో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆటోలో ఇంటికొచ్చాము.

మూడు రోజులు ఆయన గడప దాటలేదు. నాలుగోనాటి రాత్రి నా కాగితం తెమ్మన్నారు. కళ్ళజోడు పెట్టుకొని చాలాసేపు చూసి, "దారి బాగానే ఉందిరా. నువ్వు తిప్పింది తిరగేసి. చిన్నప్పుడు ఈ రోడ్లమీద సైకిలు తొక్కినవాణ్ణి నన్నడగొద్దూ? పెద్దరోడ్డు తెల్లవారుజామున మనది, ఎనిమిది దాటితే బస్సులది. గల్లీ ఎప్పుడైనా మనదే" అన్నారు.

ఎంత చిన్న మాట! నేను దూరం లెక్కవేశాను, కూర్చునే చోట్లు లెక్కవేశాను, గడియారాన్ని మరిచాను. మర్నాడు ఆరున్నరకు బయలుదేరి ముందు శంషీర్‌గంజ్, ఇంజన్‌బౌలి దాటేశాము. ఎదురొచ్చే బండి కనబడేలా రోడ్డుకు కుడివైపున నడిచాము. టీకొట్టాయన పొయ్యి ముట్టిస్తూ సలాం చేశాడు. గుట్ట దగ్గర పది నిమిషాలు కూర్చున్నాము. ఎండ ఎక్కేవేళకు గల్లీల నీడలో ఉన్నాము. ఒక సైకిలు కుర్రాడు గంటకొట్టి ఆగి, "పెహలే ఆప్" అన్నాడు. నాన్నగారు దర్జాగా ముందుకు నడిచారు.

పదిహేను రోజులు ఇలా సాగింది. పదహారోనాడు నేను చెప్పులు వేసికొంటుంటే, "నువ్వెందుకురా? ఆఫీసుకు వేళవుతుంది" అని, జేబులో ఫోనూ, మందుబిళ్ళా చూసుకొని, ఒక్కరే బయలుదేరారు.

నేనూ అమ్మా వీధిగుమ్మంలో నిలబడి గడియారం చూస్తూనే ఉన్నాము. ఎనిమిదికి రావలసినవారు ఎనిమిదింబావుకు వచ్చారు, గల్లీ మలుపులో మెల్లగా, ఎవరితోనో మాట్లాడుతూ. చేతిలో మనుమరాలికి ఉస్మానియా బిస్కట్ల పొట్లం ఉంది. అమ్మ ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి కాఫీకి నీళ్ళు పెట్టింది.