ముందు సైకిలు పళ్ళు లెక్కపెట్టండి

రావులపాలెంలో సైకిలుకు గేర్లెందుకని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి మా డెల్టా కాలువలు మెల్లగా, వాలు తెలియకుండా పారతాయి. వాటి గట్లూ అంతే. వృత్తి తొలినాళ్ళలో లొల్ల లాకుల వైపు రోగులను చూడడానికి నేను తొక్కిన సైకిలుకు ముందు చక్రానికి 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలుకు 18. పెడలు ఒక చుట్టు తిరిగితే సుమారు ఐదున్నర మీటర్లు సాగేది. ఇంకో గేరు ఉంటే బాగుండునని ఏనాడూ అనుకోలేదు.

పదవీ విరమణ తరువాత ముచ్చటపడి గేర్ల సైకిలు కొన్నాను. ముందు మూడు చక్రాలు: 50, 39, 30 పళ్ళవి. వెనుక 12 నుంచి 25 దాకా పది. "మూడు చక్రాలున్నాయి డాక్టరుగారూ, కొండలు కూడా ఎక్కేస్తుంది" అన్నాడు అమ్మిన కుర్రవాడు. నమ్మాను. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు వెళ్ళే ఘాట్ రోడ్డు మీద ఆ నమ్మకం సడలింది. అన్నిటికన్న తేలిక గేరు వేసినా పెడలు నిమిషానికి నలభై చుట్లకు మించి తిరగలేదు. కుడి మోకాలి చిప్ప వెనుక సన్నగా మొదలైన నొప్పి రెండు మలుపుల తరువాత నన్ను దించి సైకిలు నెట్టించింది. మరునాడు మా ఇంటి మెట్లు వెనుకకు తిరిగి దిగవలసి వచ్చింది. ఎందరో రోగులకు నేను నవ్వుతూ నేర్పిన ఉపాయమది.

నొప్పి తగ్గేదాకా కూర్చుని లెక్క వేశాను. మీరూ వేయవచ్చు. ముందు చక్రపు పళ్ళను వెనుక చక్రపు పళ్ళతో భాగించండి. వచ్చినదాన్ని టైరు చుట్టుకొలత, అంటే సుమారు 2.1 మీటర్లతో గుణించండి. పెడలు ఒక చుట్టుకు సైకిలు ఎంత దూరం పోతుందో తెలుస్తుంది. నా సైకిలు మీద అతి తేలిక గేరు 30కి 25, అంటే రెండున్నర మీటర్లు. ముందు రెండే చక్రాలు (50, 34) ఉండి, వెనుక 34 దాకా పళ్ళున్న సైకిలుకు అది 2.1 మీటర్లే! మూడు చక్రాల బండి కన్న రెండు చక్రాల బండి కొండ మీద తేలిక. గంటకు ఆరు కిలోమీటర్లు పోతున్నామనుకోండి. మొదటిదాని మీద నిమిషానికి 40 చుట్లు, రెండవదాని మీద 48. శ్రమ మొత్తం అంతే అయినా, ఒక్కొక్క తొక్కుకు పాదం వేసే బలం ఆరోవంతు తగ్గుతుంది. మోకాలి చిప్ప మీద భారమూ ఆ బలంతోనే తగ్గుతుంది. (సీటు మరీ కిందికి ఉంటే ఈ లెక్కంతా వృథా. ముందు అది సరిచేయండి. మోకాలు వాచినా, మడత పడి పట్టేసినా సైకిలు పక్కన పెట్టి వైద్యుణ్ణి చూడండి.)

అలాగని మూడు చక్రాలను తీసిపారేయలేము. నా సైకిలుకే వెనుక 34 పళ్ళది వేయిస్తే, దానికి తగిన పొడుగు డెరైలర్‌తో సహా, 1.85 మీటర్లకు దిగుతుంది. బేరం బాగానే ఉంది. అయితే నా ఎడమచేతి వేళ్ళ కీళ్ళు ఒప్పుకోలేదు. మూడింటి మధ్య చైన్ మార్చే మీటను దూరంగా, గట్టిగా తోయాలి. ఘాట్ రోడ్డు మీద చైన్ చిన్న చక్రాన్ని దాటి లోపలికి పడిపోయిన సంగతి కూడా మరచిపోలేదు. పైగా మూడు చక్రాలకు చోటు కావాలి కనుక పెడళ్ళ నడుమ ఎడం ఒక పిసరు ఎక్కువ. కొందరి మోకాళ్ళకు అది నచ్చదు.

చివరకు ముందు 46, 30, వెనుక 11 నుంచి 34 ఉన్న రెండు చక్రాల సైకిలు తెప్పించుకున్నాను. అదే 1.85 మీటర్లు, ఒక చక్రం తక్కువతో. బరువైన గేరులో నిమిషానికి ఎనభై చుట్లు తొక్కితే గంటకు 42 కిలోమీటర్లు వస్తుంది. ఈ వయసులో అంతకన్న వేగం నాకెందుకు? టూర్ డి ఫ్రాన్స్ పందెం స్థాపకుడు హెన్రీ డెగ్రాంజ్ గేర్లు 45 ఏళ్ళు దాటినవారికే అనేవాడట; ఆ పందెంలో 1937 దాకా డెరైలర్లను రానివ్వలేదు. ఆయన లెక్కన నేను ఏనాడో అర్హుణ్ణి.

పోగొట్టుకున్నది కూడా చెప్పాలి. జూన్, జూలైలలో జొన్నాడ వైపు నుంచి గౌతమి వంతెన మీదుగా ఇంటికి వస్తుంటే ఎదురుగాలి నిలకడగా ఉండదు. పాత సైకిలు మీద నడిమి చక్రంతో 15, 16, 17 అని ఒక్కొక్క పన్నే మార్చుకుంటూ ఊపిరి చెడకుండా వచ్చేవాణ్ణి. కొత్తదానికి 17 తరువాత 19, ఆ పైన 21. ఒకటి బరువు, మరొకటి మరీ తేలిక. కొండ ఏడాదికి రెండుసార్లు, వంతెన వారానికి మూడుసార్లు. అయినా వంతెన మీద నష్టం కాస్త ఆయాసమే కదా అని 19లోనే వస్తున్నాను. 46కు 19 అంటే ఎంతో మొన్న భాగించి చూశాను: ఇంచుమించు నా పాత సైకిలు 44కు 18.