కాఫీ ఊరేది?

మేం సాయిబులం. మా ఇండ్లల్లో కాఫీ తాగుతామంటే నవ్వుతారు కొందరు. "మీరు చాయ్ తాగేటోళ్లు గదా, మీకు కాఫీ ఎక్కడిది?" అంటారు. వాళ్ల లెక్కన కాఫీ అంటే అగ్రహారం ఫిల్టరు, ఇత్తడి గ్లాసు. ఆ 'మీకెక్కడిది' అన్న మాట మాకు కొత్త కాదు. తిండి గురించి అడిగారు, భాష గురించి అడిగారు. కేతకీ సంగమేశ్వరుని జాతర చూస్తూ పెరిగిన ఈ ఝరాసంగంలోనే, మీ ఊరేదని కూడా అడిగారు.

సరే, ఆ ప్రశ్న కాఫీని అడుగుదాం.

చెట్టు పుట్టింది ఇథియోపియా అడవుల్లో. 15వ శతాబ్దంలో యెమెన్ సూఫీలు రాత్రంతా జిక్ర్ చేయడానికి, నిద్ర ఆపుకోవడానికి దీన్ని తాగారు. అరబ్బీ 'ఖహ్వా' తుర్కీలో 'కహ్వే' అయింది. డచ్చివాళ్ల మీదుగా ఇంగ్లీషుకు, అక్కడి నుంచి మన 'కాఫీ'కి వచ్చింది. మావాళ్లంతా దీన్ని నెత్తిన పెట్టుకున్నారనుకోకండి. 1511లో మక్కాలో ఖైర్ బేగ్ అనే అధికారి కాఫీని నిషేధించాడు. ఆ నిషేధం నిలవలేదు.

17వ శతాబ్దంలో బాబా బుడన్ అనే ఫకీరు హజ్ నుంచి తిరిగొస్తూ, మోఖా రేవులో ఏడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని చెప్పుకుంటారు. ఆ కొండలకు ఆయన పేరే. అక్కడి గుహలో దత్తాత్రేయుని భక్తులూ, బాబా మురీదులూ కలిసే మొక్కారు. ఆ గుహ ఎవరిదని దశాబ్దాలుగా గొడవ. తెచ్చిన కాఫీ అందరిదైంది. తెచ్చినవాడి పేరున్న చోటుకు మాత్రం కాయితాలు అడుగుతున్నారు.

చుట్టాలు తెచ్చే పచ్చి గింజల్ని మేం ఇంట్లోనే వేయిస్తాం. జొన్నపేలాలు వేయించే మంగలమే మాకు మిషను. చేయి ఆపకుండా తిప్పాలి. ఆకుపచ్చ గింజ పసుపు తిరుగుతుంది, గోధుమరంగుకొస్తుంది. వేడి 200 డిగ్రీల దగ్గరికి చేరేసరికి పేలాల్లాగే చిటపటమంటుంది. లోపలి ఆవిరి గింజను పగలగొట్టే చప్పుడది. అప్పుడే దించితే కాస్త పులుపు నిలుస్తుంది. రెండో చిటపట దాకా ఉంచితే నలుపు, చేదు. దించగానే చేటలో పోసి చెరగాలి. పొట్టు పోతుంది, గింజ చల్లారుతుంది. లేకుంటే తన వేడికి తానే మాడుతుంది. మర్నాడు దంచి కాస్తే ఆ వాసన గల్లీ దాకా పోతుంది. అమ్మీ అందులో చిటికెడు శొంఠి వేస్తుంది. యెమెన్‌లో కాఫీ పొట్టుతో కాచే 'ఖిష్ర్'లోనూ అల్లం వేస్తారని తర్వాత చదివాం.

ఈ చెట్టుకు 1753లో లిన్నేయస్ 'అరబికా' అని పేరు పెట్టాడు. మన అరకులో ఆదివాసులు పండించే కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపు పేరులోనూ 'అరబికా' ఉంది. పేరులో అరబ్బు ఉందని అరకు కాఫీని ఎవరైనా పరాయిదన్నారా? అనలేదు. అనకూడదు కూడా.

కాఫీ నిజంగానే సముద్రం దాటి వచ్చింది. మాలో చాలామందిమి ఎక్కడి నుంచీ రాలేదు. ఈ ఊళ్లలోనే కలిమా చదువుకున్న రైతులం, దూదేకులం, కూలోళ్లం. మా ముత్తాతల గోరీలు ఈ జొన్నచేల పక్కనే ఉన్నాయి. వచ్చిన కాఫీని మీదనుకున్నారు, సంతోషం. ఉన్న మమ్మల్ని వచ్చినోళ్లనడం ఎప్పుడు మానుతారు?